షీట్‌లో ఎల్‌సీ50 10 అని ఉంటే 9 దాకా సేఫేనా?

ప్రశ్న: సార్, మా చెరువు పక్కనే కెమికల్ గోడౌన్ ఉంది. డ్రమ్ములతో వచ్చిన సేఫ్టీ షీట్‌లో ‘చేపలు, 96 గంటలు, ఎల్‌సీ50: లీటరుకి 10 మి.గ్రా.’ అని రాసుంది. అంటే 9 కలిసినా పర్లేదా? – ఓ చేపల రైతు, భీమవరం

జవాబు: అస్సలు కాదండీ! 10 ఉంటే నాలుగు రోజుల్లో సగం చేపలు పోతాయని దానర్థం, 9 దగ్గర కూడా చాలానే పోవచ్చు. ఈ అంకె తేల్చే పరీక్షకి ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన ‘ఓఈసీడీ 203’ అనే పద్ధతి ఉంది, అందులో కనీసం ఐదు డోసులు పెట్టి, ఒక్కో డోసుకి కనీసం 7 చేపల్ని వదులుతారు, జీబ్రాఫిష్, రెయిన్‌బో ట్రౌట్ లాంటివి, కెమికల్ కలపని ట్యాంకు ఇంకోటి పక్కనే ఉంటుంది. మేత వెయ్యరు. మొప్పలు ఆడక, తోక దగ్గర తాకినా కదలకపోతే చచ్చినట్టు లెక్క. ఈ పద్ధతిని 2019లో మార్చాక బతికున్నవి ఎలా ఉన్నాయో కూడా రాయాలి, పక్కకి ఒరిగిపోతోందా, పైకొచ్చి నోరు తెరుస్తోందా అని. నాకైతే రైతుకి ఇదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది కానీ షీట్ మీదకి మాత్రం ఒక్క అంకే వస్తుంది.

ఇంకోటి, ల్యాబ్‌లో ఆక్సిజన్‌ని, నీళ్లు పట్టుకోగలిగేదాంట్లో 60 శాతానికి తగ్గనివ్వరు, మీ చెరువులో తెల్లారుజామున పడిపోతుంది కదా, అప్పుడు తక్కువ డోసు కూడా దెబ్బకొట్టొచ్చు. ఎదుగుదల, గుడ్ల మీద ప్రభావం నాలుగు రోజుల్లో తేలదు కూడా.

గోడౌన్ కాలవ నీళ్లు చెరువులోకి రాకుండా ముందు అడ్డు కట్టించండి. చేపలు తేలితే నీళ్లు మార్చేముందే శుభ్రమైన గాజు సీసాలో శాంపిల్ పట్టి ఐస్‌లో పెట్టండి.