దించిందంతా సాయంత్రానికి పైకెక్కాలి

ప్రశ్న: నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన అత్తగారు. ప్రతి ఏడూ ఉగాదికి రెండు రోజుల ముందు ఇల్లంతా ఒకేసారి దులుపుతాను. పోయినేడు సజ్జల మీదవన్నీ దించేసరికి రాత్రి పడుకోవడానికి మంచం మీద కూడా చోటు లేదు, అత్తగారికి ఆ దుమ్ముకి ఆయాసం వచ్చింది, పండగనాడు నడుం పట్టేసి నేను లేవలేకపోయాను, ఉగాది పచ్చడి కూడా మావారే కలిపారు. ఈసారి కొంచెం కొంచెంగా చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పేపర్లు దిద్దే రోజులు కూడా ఇవే.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పండక్కి మూడు వారాలు ఉండగానే మొదలుపెట్టండమ్మా. రోజూ చేయక్కర్లేదు, వారంలో మూడు సాయంత్రాలు, పూటకి గంట, ఆదివారం పొద్దున్న మాత్రం ఇంకో గంట ఎక్కువ. ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: ఏ పూట దించింది ఆ పూటే తిరిగి ఎక్కిపోవాలి, లేదా గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోవాలి. పోయినేడు మీ నడుం పట్టేసింది పని ఎక్కువై మాత్రమే కాదు, దించడానికి ఉన్న ఓపిక సర్దడానికి మిగలక. కాబట్టి సజ్జ మొత్తం ఖాళీ చేయకండి, ఒక మూల నుంచి చేయి సాచితే అందేంత మేర చూసుకుని అంతవరకే దించండి. గంట కాగానే ఆపేయండి, ఇంకాస్తే కదా అనిపించినా సరే.

మొదటి వారం సజ్జలకే పోతుంది, పోనివ్వండి, అసలు బరువంతా అక్కడే ఉంటుంది. రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోని కుక్కరు, మిక్సీ కొన్న అట్టపెట్టె, పిల్లలు చిన్నప్పుడు తొక్కిన సైకిలు, ఇవి ఆలోచించాల్సినవి కావు. అత్తగారి సామాన్ల దగ్గర మాత్రం ఆగండి. ఆవిడని దుమ్ము లేని గదిలో కూర్చోబెట్టి, ముందు తడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే తీసుకెళ్ళి చూపించి అడగండి. మా అమ్మ ఊరగాయ జాడీ ఒకటి మూత పగిలిందని నేను ఒకసారి అడక్కుండా పాత సామాన్ల అతనికి ఇచ్చేశాను. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ వేసవిలో ఆవకాయ కలుపుతూ సజ్జ వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇత్తడి గుండిగ ఉండాలంటే ఉండనివ్వండి, దానికో చోటు చూపించడం పెద్ద పనేం కాదు.

బూజు దులపడం మాత్రం గదికో రోజు పెట్టుకుంటే లాభం లేదు, ఒక గదిలో దులిపింది పక్క గదిలోకి వెళ్ళి కూర్చుంటుంది. రెండో వారం ఆదివారం పొద్దున్న ఇల్లంతా ఒకేసారి కానిచ్చేయండి. ఆ పూటకి అత్తగారిని దగ్గర బంధువుల ఇంటికో, కింద ఫ్లాట్ వాళ్ళింటికో పంపండి, దుమ్ము అణిగి ఇల్లు తడిగుడ్డ పెట్టాకే తీసుకురండి. మంచాల మీద, టీవీ మీద పాత దుప్పట్లు కప్పండి, మీరు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. బూజు కర్ర మీవారి చేతికివ్వండి, మీరు పైకి చూసి చూసి మెడ పట్టేసేలా చేసుకోవద్దు. ఫ్యాన్లకి పాత దిండు గలీబు తీసుకుని, రెక్కకి సంచిలా తొడిగి, రెండు చేతులతో పైనా కిందా అదిమి మెల్లగా ఇవతలికి లాగండి, ఏడాది పేరుకున్న నల్లటి దుమ్మంతా గలీబు లోపలే ఉండిపోతుంది, మంచం మీద రాలదు. స్విచ్ ఆపారా లేదా ఒకటికి రెండుసార్లు చూసుకోండి, కుర్చీ మీద కుర్చీ వేసి ఎక్కకండి.

వంటింటికి మూడో వారంలో మూడు సాయంత్రాలూ కేటాయించండి. మొదటి రోజు డబ్బాలు. ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి ఇంటికొచ్చే కాలం ఇదే కాబట్టి డబ్బాలు ఇప్పుడు కడుక్కుంటే రెండు పనులూ కలిసొస్తాయి. కడిగి బోర్లించి, మర్నాడు ఎండలో పెట్టి, లోపల చేయి పెడితే చెమ్మ తగలదు అనుకున్నాకే పప్పు పోయండి, తడి మిగిలితే బూజు పడుతుంది. రెండో రోజు ఎగ్జాస్ట్ ఫ్యాను, పొయ్యి వెనక టైల్స్. ఆ పసుపురంగు జిడ్డు చేతికి జిగురులా అంటుకుంటుంది, చల్లనీళ్ళకి లొంగదు. బాగా వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని, గుడ్డతో తడిపి పావుగంట వదిలేసి అప్పుడు తుడవండి. రెక్కలు అల్యూమినియంవి అయితే సోడా వద్దు, నల్లబడిపోతాయి, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. మూడో రోజు ఫ్రిజ్, అది అరగంట పని.

బీరువాలు, పిల్లల పుస్తకాలు పండగ ముందు ముట్టుకోకండి. పుస్తకాలు పరీక్షలయ్యాక పిల్లలే ఏరుకుంటారు. బీరువాలో బట్టలు సెలవుల్లో చూసుకోవచ్చు. పండగ ముందు రెండు రోజులకి కర్టెన్లు ఉతకడం, దేవుడి గది, ఇత్తడి సామాను చింతపండుతో తోముకోవడం, గుమ్మానికి పసుపు, ఇవే మిగలాలి.

ప్రశ్న: మాకు బోరు నీళ్ళు. బాత్రూం టైల్స్ మీద, కుళాయిల మీద తెల్లటి పొర కట్టింది. పోయినవారం బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద యాసిడ్ పోసి రుద్దాను. ఒక్కసారిగా ఘాటు వచ్చి గొంతు మండి, దగ్గుతో బయటికి పరుగెత్తాను. ఏం తప్పు చేశాను?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఆ రెండూ జన్మలో కలపకండి. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి కూడా తెస్తుంది. వెంటనే బయటికి వచ్చేశారు, మంచి పని చేశారు. ఇంకా దగ్గు గానీ ఆయాసం గానీ ఉంటే ఇవాళే డాక్టరుకి చూపించుకోండి. మీ ఇంట్లో పనికొచ్చే అమ్మాయికి కూడా ఈ మాట తప్పకుండా చెప్పండి, ఆమె చేతిలో ఈ రెండు డబ్బాలూ పెట్టి వదిలేసే ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఆ తెల్లపొర నీళ్ళలోని సున్నమే, దానికి బ్లీచింగ్‌తో పనే లేదు. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలిపి టైల్స్ మీద రాసి, ఇరవై నిమిషాలాగి, బ్రష్‌తో రుద్ది కడిగేయండి. ఒకేరోజు మొత్తం అవదు, ఇవాళ ఒక గోడ, ఎల్లుండి ఇంకో గోడ. పాలరాయి ఉంటే మాత్రం దాని మీద పడనివ్వకండి, మెరుపు పోతుంది. షవర్ మూసుకుపోయి ఉంటే ఇవే నీళ్ళు ప్లాస్టిక్ కవర్లో పోసి, షవర్ అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి, అరగంట తర్వాత విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఓసారి నీళ్ళు ధారగా వదిలేయండి.