బెన్ 10 ఏ వరసలో చూడాలి? మా జేజి లెక్క ఒకటుంది

మీరడిగింది బెన్ 10 కార్టూన్ సిరీస్‌లన్నీ ఏ వరసలో చూడాలి, ఒకదానికొకటి పొసగని చోట ఏది అసలు కథ అనుకోవాలి అని కదా. వచ్చిన వరసలోనే చూడండి. 2005 చివర్లో మొదలైన పాత బెన్ 10, 2008లో ఏలియన్ ఫోర్స్, 2010లో అల్టిమేట్ ఏలియన్, 2012 నుంచి 2014 దాకా ఆమ్నివర్స్. ఈ నాలుగూ చేతి వాచీతో రకరకాల ఏలియన్లుగా మారే బెన్ అనే ఒకే పిల్లోడి కథ, పదేళ్ళకు మొదలై పదహారేళ్ళకు వస్తాడు. 2016లో మళ్ళీ పదేళ్ళోడిగా దిగినవాడు వేరే. వాడిని ఈ లెక్కలో కలిపితే తల తిరుగుతుంది.

మాకు ఇంత సులువుగా దొరకలేదు ఈ వరస. 2010 ఎండాకాలం సెలవులకు ధర్మవరంలో మా జేజి (నాయనమ్మ) ఇంట్లో ఉన్నాం. ముందర గదిలో చిన్నాయన మగ్గం, నడిమింట్లో టీవీ. మగ్గం ఆడుతుంటే సౌండు ఎంత పెంచినా సగం మాటలే వినపడేవి. చానెల్లో పొద్దున పాత బెన్ 10, సాయంత్రం ఏలియన్ ఫోర్స్. అదీ వాళ్ళకు తోచిన ఎపిసోడు. మంచి పట్టులో ఉండగా కరెంటు పోయేది. పొద్దున పదేళ్ళోడు, సాయంత్రం పదిహేనేళ్ళోడు కనిపిస్తుంటే పెద్దోడు అన్న, చిన్నోడు తమ్ముడు అనుకున్నా చాలా రోజులు. కెవిన్ సంగతి ఇంకా ఘోరం. పొద్దున బెన్‌ను చంపడానికి వచ్చినవాడు సాయంత్రం అదే బెన్‌ను పచ్చ కారులో తిప్పుతుంటాడు. పక్క సీట్లో వాడు ఇష్టపడే గ్వెన్, బెన్‌కు కజిన్.

అక్కడే గొడవ మొదలైంది. మా చిన్నమామ కొడుకు ఇంగ్లీషు మీడియం. కజిన్ అంటే మరదలేనని వాడి లెక్క. "బెన్‌కు మరదలయితే కెవిన్‌గానికి ఎట్లిస్తార్రా?" అని వాడు, వీళ్ళది అట్లాంటి ఊరు కాదురా అని నేను, రిమోట్ కోసం కొట్టుకున్నాం. జేజి చేటలో శెనక్కాయలు ఒలుస్తా అంతా వింటోంది.

"ఆ పిల్ల ఇంటిపేరేంది?" అనింది.

"టెన్నిసన్."

"పిల్లోంది?"

"వాందీ అదే. తాత కూడా ఒకడే జేజీ, మ్యాక్స్ తాత. ఇద్దరి నాయనలూ ఆయన కొడుకులే."

"అన్నదమ్ముల బిడ్డలు మరదలెట్లయితార్రా! పాపం తగుల్తాది. చెల్లెలయితాది."

ఇద్దరూ ఒకే రోజు పుట్టినారు, అక్కనో చెల్లెలో ఎట్లా చెప్తావని మామ కొడుకు మళ్ళీ అడిగాడు. "ముందు ఏడ్చినోళ్ళు పెద్ద" అని జేజి ఇంకో గుప్పెడు కాయలు చేటలో పోసుకుంది. ఇంగ్లీషులో కజిన్ అని ఒకే మాట పెట్టుకుని వాళ్ళు ఎట్లా సంసారాలు చేస్తున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంతకీ పొసగని చోట్ల సంగతి. పాత సిరీస్‌లో ఒక ఎపిసోడులో అమ్మానాయనలకు వాచీ సంగతి తెలిసిపోతుంది. ఏలియన్ ఫోర్స్‌లో మళ్ళీ కొత్తగా తెలిసి, ఇల్లు కదలొద్దంటారు. మొదటిది "ఇట్లా జరిగుంటే" రకం కథ, లెక్కలో లేదు. వాచీ గ్వెన్‌కు దొరికిన ఎపిసోడు కూడా అంతే. వీటితో నాకు పేచీ లేదు.

పేచీ గ్వెన్ విద్యతో. పాత దాంట్లో ఆ పిల్ల చార్మ్‌కాస్టర్ అనే మంత్రగత్తె మంత్రాల పుస్తకం సంపాదించుకుని, కూర్చుని చదివి నేర్చుకుంది. ఏలియన్ ఫోర్స్‌కొచ్చేసరికి అదంతా వాళ్ళ జేజి వెర్డోనా నుంచి వచ్చిన రక్తమన్నారు. ఆ జేజి మనిషే కాదంట, అనొడైట్ అంట. కష్టపడి చదివిన పిల్లను తీసుకుపోయి వారసత్వం కోటాలో వేశారు. తర్వాత ఎన్ని మంత్రాలు చదివించినా ఆ కోపం నాకు తగ్గలేదు.

కెవిన్‌కైతే పుట్టుకే మూడు రకాలుగా చెప్పారు. మొదట మామూలు మనుషుల్లో పుట్టిన మ్యూటెంట్ పిల్లోడు. అల్టిమేట్ ఏలియన్‌లో ఆస్మోస్ అనే గ్రహం నుంచి వచ్చిన నాయన కొడుకు. ఆమ్నివర్స్‌లో ఆ గ్రహమే లేదు, ఆ జ్ఞాపకాలు ఎవరో బుర్రలో పెట్టినవి అన్నారు. రాసేవాళ్ళు మారినప్పుడల్లా బిడ్డకు నాయన మారతాడా? మా జేజి దీన్నసలు పట్టించుకోలేదు. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో కేతిగాడు నిన్న రామాయణంలో ఉంటాడు, ఈ పొద్దు భారతంలో ఉంటాడు, యాడ నుంచి వచ్చినావని వాణ్ణి ఎవరడుగుతారు అనింది. కానీ కేతిగాడికి నాయన ఫలానా అని ఎవరూ కథ చెప్పలేదు కదా జేజీ. కెవిన్‌కు చెప్పారు. చెప్పినాక నిలబడాల.

పోనీ వాళ్ళనే అనడమెందుకు. నా పుట్టిన సర్టిఫికెట్లో ధర్మవరం, అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అదే ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లా. నేను అనంతపురంలో కౌంటర్ ముందర నిలబడి రెండూ ఒకే ఊరని అరగంట చెప్పుకున్నా. ఆ అరగంటలో కెవిన్ మీద కొంచెం జాలి పుట్టింది.

అప్పట్లో కదిరి తేరులో కొనుక్కున్న వాచీ ఉండేది నా దగ్గర. బటన్ నొక్కితే గోడ మీద బొమ్మ పడేది. బెన్ మారే ఏలియన్లలో హీట్‌బ్లాస్ట్, తర్వాత ఫోర్ ఆర్మ్స్, దాని తర్వాత స్పైడర్‌మ్యాన్. ఆ వరస ఎవడు పెట్టాడో!

మామ కొడుకు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. 2021లో వచ్చిన ఏలియన్ ఎక్స్-టింక్షన్ ఈ మధ్యే చూశాడంట. అందులో వేరే వేరే లోకాల బెన్‌లు కలుస్తారు, మన పాత బెన్ కూడా ఉంటాడు. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, "పాత బెన్‌కు కొత్త బెన్ ఏమవుతాడు చెప్పు?" అన్నాడు. జేజి లేదు అడగడానికి. ఇంటిపేరు ఒకటే కాబట్టి దాయాదులు అన్నా. వాడు ఒప్పుకోలేదు, పన్నెండున్నర దాకా పెట్టలేదు ఫోను.