కుక్కల నుంచి మనుషులకు సోకే పరాన్నజీవులపై పరిశోధన: జువాలజీ చదివితే చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాదిలో ఉంది. కుక్కల నుంచి మనుషులకు సోకే పరాన్నజీవుల మీద పనిచేస్తానంటోంది. పశువైద్యం చదవకుండా కుదురుతుందా? చివరికి మలపరీక్షలు చేసుకుంటూ ల్యాబ్‌లోనే ఉండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కుదురుతుందమ్మా. కుక్కలకు వైద్యం చేయాలంటే పశువైద్య డిగ్రీ తప్పదు గానీ, పరాన్నజీవి ఏ జాతిదో తేల్చే పనికి జువాలజీ మంచి పునాది. ఎమ్మెస్సీలో పారాసైటాలజీ (పరాన్నజీవుల శాస్త్రం) గానీ మాలిక్యులర్ బయాలజీ గానీ తీసుకోమనండి. సొంతంగా పరిశోధన నడపాలంటే మాత్రం పీహెచ్‌డీ కావాలి.

మలపరీక్షను దయచేసి చిన్నచూపు చూడకండి, అసలు కథంతా అక్కడే ఉంది. పేగుల్లో ఉండే కొంకిపురుగు (హుక్‌వర్మ్) గుడ్డు మలంలో కనిపిస్తుంది, దాన్నే తీసుకోండి. మైక్రోస్కోప్ కింద పల్చటి పెంకు, లోపల కొన్ని కణాలు, అంతే. అది మనిషిలో ఉండే నెకేటర్ అమెరికానస్‌దా, కుక్కలో ఉండే యాంకైలోస్టోమా కెనైనమ్‌దా, ఇద్దరిలోనూ పెరిగే యాంకైలోస్టోమా సెలానికమ్‌దా అన్నది కంటితో తేల్చలేం. పెద్ద పురుగు దొరికితే నోరు చూసి చెప్పొచ్చు: కెనైనమ్‌కు మూడు జతల పళ్లుంటాయి, నెకేటర్‌కు పళ్ల బదులు కోసే పలకలుంటాయి. కానీ చేతికొచ్చేవి ఎక్కువగా గుడ్లే. కాబట్టి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ చేసి (అంటే ఆ డీఎన్‌ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసి), దాని అక్షరాల వరుస చదివే సీక్వెన్సింగ్‌తో జాతి తేలుస్తారు. అది సెలానికమ్ అయితే మనుషులకు మందులిచ్చి ఊరుకుంటే చాలదు, కుక్కల వల్ల మళ్లీ అంటుకుంటుంది. ఎవరెవరికి మందు వేయాలో చెప్పేది ఈ ఫలితమే.

ఇప్పుడు ఆమె చేయాల్సింది వీలైనన్ని స్లైడ్లు చూడటం. పీసీఆర్ త్వరగానే పట్టుబడుతుంది, కన్ను కుదరడానికే టైమ్ పడుతుంది. శాంపిల్‌ను ఫార్మలిన్‌లో వేస్తే గుడ్డు ఆకారం నిలుస్తుంది గానీ డీఎన్‌ఏ పాడవుతుంది. డీఎన్‌ఏ కావాలంటే ఇథనాల్‌లో వేయాలి. ఇలాంటివి ల్యాబ్‌లో చేస్తేనే ఒంటబడతాయి.

జాగ్రత్తల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు గుడ్లు పొరపాటున నోట్లోకి వెళ్తే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు ఏర్పడతాయి. అందుకే అనుమానం ఉన్న శాంపిల్స్‌ను, ఆ గుడ్లు చచ్చిపోయేలా, ముందు మైనస్ 80 డిగ్రీల్లో కొన్ని రోజులు ఉంచుతారు. కుక్కలను పట్టుకునే పనైతే రేబిస్ టీకా ముందే వేయించాలి.

ఉద్యోగాలు వైద్య, పశువైద్య కాలేజీల్లో, ప్రజారోగ్య ల్యాబ్‌లలో, పరీక్ష కిట్ల కంపెనీల్లో ఉంటాయి. మొదట్లో చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే, జీతం నిలకడగా ఉండదు. దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి. ఎమ్మెస్సీ సీటు ఎంచుకునేటప్పుడు, అక్కడ పశువైద్యులతో కలిసి నడిచే ప్రాజెక్టు ఏదైనా ఉందేమో ముందే కనుక్కోమనండి.