ఓడిన కక్షిదారు పక్కన కూర్చుని రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎక్కడా ఆగకుండా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఉత్తర కరోలినా సుప్రీంకోర్టుకు న్యాయమూర్తులను పార్టీల వారీగా ఎన్నుకునే పద్ధతి గురించి తెలుగులో రాయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. క్యారీ, మోరిస్‌విల్, షార్లెట్ ప్రాంతాల్లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వారిలో పౌరసత్వం వచ్చినవారంతా ఆ బ్యాలెట్ ముందు కూర్చోవలసిన వాళ్ళే. ఎవరికి ఓటు వేస్తున్నామో, ఎందుకు వేస్తున్నామో వాళ్ళ భాషలో వాళ్ళకు చెప్పేవారు ఉండాలి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతోంది, ఓపిగ్గా చదువు.

నీ వ్యాసం ప్రజాస్వామ్యానికి న్యాయవ్యవస్థ మూలస్తంభం అంటూ మొదలైంది. ఆ పేరా మొత్తం కొట్టేశాను. అందులో తప్పేమీ లేదు. కానీ దాన్ని ఎవరైనా రాయగలరు, ఏ దేశం గురించైనా రాయగలరు. నువ్వు మాత్రమే రాయగలిగింది నాలుగో పేజీలో మిగిలిపోయింది. రాత్రి భోజనాలయ్యాక మీ అమ్మగారు ఫోనులో, లెక్కలోంచి తీసేయాలని కోరిన ఓట్ల జాబితా తెరిచి, ఇంటిపేరు ముందు ఉంటుందో వెనక ఉంటుందో తేలక రెండు రకాలుగానూ తన పేరు వెతుక్కున్న సంగతి. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో చెప్పి దాటిపోయావు. వ్యాసం అక్కడే మొదలు కావాలి. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చూశారా? నువ్వు పక్కనే ఉన్నావా? పేరు లేదని తెలిశాక ఏమన్నారు? అవన్నీ కావాలి నాకు.

ఆ తర్వాత జాబితా కథ నిదానంగా చెప్పు. 2024 నవంబరులో ఆ కోర్టులోని ఒక స్థానానికి డెమొక్రటిక్ పార్టీ నుంచి అల్లిసన్ రిగ్స్, రిపబ్లికన్ పార్టీ నుంచి జెఫర్సన్ గ్రిఫిన్ పోటీ చేశారు. ఆమె అప్పటికే ఆ కోర్టులో న్యాయమూర్తి, ఆయన రాష్ట్ర అప్పీళ్ళ కోర్టులో న్యాయమూర్తి. 55 లక్షలకు పైగా ఓట్లు పడితే ఆమెకు వచ్చిన ఆధిక్యం 734. మళ్ళీ లెక్కించినా ఫలితం మారలేదు. అప్పుడు గ్రిఫిన్ 65 వేలకు పైగా ఓట్లను లెక్కలోంచి తీసేయాలని కోరారు. వాటిలో అత్యధికం, ఓటరు నమోదు రికార్డులో డ్రైవింగ్ లైసెన్సు నంబరు గాని, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు గాని కనిపించని వారివి. మరికొన్ని, విదేశాల్లో ఉన్న పౌరులూ సైనికులూ ఫొటో గుర్తింపు జతచేయకుండా పంపినవి. అది జతచేయనక్కరలేదని ఎన్నికల బోర్డు నిబంధనే వాళ్ళకు చెప్పింది. రిగ్స్ తల్లిదండ్రుల పేర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

వివాదం ఏ ఏ కోర్టులు తిరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు బాధ అందులోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో గ్రిఫిన్‌కు అనుకూలంగా 2-1 తేడాతో తీర్పు వచ్చింది ఆయన సహోద్యోగుల నుంచే. ఆ ధర్మాసనంలో ఆయన లేరు గాని అది ఆయన పనిచేసే కోర్టే. వారం తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు చాలా ఓట్లను కాపాడింది, విదేశాల నుంచి వచ్చిన వాటిలో కొన్నింటికి మాత్రం గుర్తింపు చూపించమంది. అది రిగ్స్ కోర్టు. ఆమె విచారణ నుంచి తప్పుకున్నారు. చివరకు మే 5న ఫెడరల్ జిల్లా జడ్జి రిచర్డ్ మైయర్స్, ఓట్లు పడ్డాక నిబంధనలు మార్చడం రాజ్యాంగం ఒప్పుకోదని తేల్చారు. రెండు రోజులకు గ్రిఫిన్ ఓటమి అంగీకరించారు. పోలింగు జరిగి అప్పటికి ఆరు నెలలు.

ఇక్కడ నీకు నా అనుభవం ఒకటి చెప్పాలి. పత్రికలో చేరిన తొలి రోజుల్లో ఒక చిన్న పట్టణంలో కోర్టు వార్తలు రాసేవాణ్ణి. ఒకరోజు పొలం గట్టు తగాదాలో ఒక రైతు ఓడిపోయాడు. తొమ్మిదేళ్ళు నడిచిన కేసు అది. వరండాలో చెక్కబల్ల మీద కూర్చుని, పై పంచె కొసతో ముఖం తుడుచుకుని, తన వకీలును ఒకే ఒక్క మాట అడిగాడు. "జడ్జిగారు నా కాగితాలు చదివారా అయ్యా?" వకీలు తీర్పు నకలు తెరిచి, అతని దస్తావేజు తేదీ, పాత సర్వే నంబరు ఉన్న చోటు వేలు పెట్టి చూపించాడు. రైతుకు చదువు రాదు. అయినా ఆ చోటును చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని బస్సు స్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు ఎవరు గెలిచారో రాశాను. ఆ ప్రశ్న రాయలేదు. నలభై ఏళ్ళయినా అది నన్ను వదలలేదు.

న్యాయస్థానం గురించి రాసేటప్పుడు గెలిచినవాడి దగ్గర నీకు దొరికేది తక్కువ. ఏ పద్ధతిలో వచ్చిన జడ్జి తీర్పు చెప్పినా గెలిచినవాడు దాన్ని న్యాయమే అంటాడు. నీ కుర్చీ ఓడినవాడి పక్కన వేసుకో. తన కాగితాలు చదివే తనను ఓడించారని అతను నమ్మగలడా లేదా అన్నదే నీ వ్యాసానికి ప్రశ్న. జడ్జి పేరు పక్కన పార్టీ పేరు ఉంటే ఆ నమ్మకం ఏమవుతుంది? నా ఉద్దేశం దాచను. అది దెబ్బతింటుంది. ఆ జడ్జి ఎంత నిజాయితీపరుడైనా దెబ్బతింటుంది.

దీనికి నీ రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది, నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 2004 నుంచి అక్కడ సుప్రీంకోర్టు ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండేది కాదు. 2018లో తిరిగి వచ్చింది. 2020లో ప్రధాన న్యాయమూర్తి పదవికి పాల్ న్యూబీ, షెరీ బీస్లీ మీద 401 ఓట్లతో గెలిచారు. 2022 ఎన్నికలతో కోర్టులో బలాబలాలు తారుమారయ్యాయి. 4-3గా ఉన్న డెమొక్రాట్ల ఆధిక్యం పోయి 5-2గా రిపబ్లికన్ల ఆధిక్యం వచ్చింది. పాత మెజారిటీ దిగిపోయే ముందు, 2022 డిసెంబరులో నియోజకవర్గాల సరిహద్దుల మీద, ఓటరు గుర్తింపు చట్టం మీద తీర్పులు ఇచ్చింది. కొత్త మెజారిటీ వచ్చీ రాగానే ఆ రెండు కేసులనూ పునర్విచారణకు తీసుకుంది, 2023 ఏప్రిల్ 28న రెండింటినీ తిరగరాసింది. చట్టం మారలేదు, రాజ్యాంగం మారలేదు, కాగితాలు మారలేదు. బల్ల వెనక కూర్చున్న మనుషులు మారారు. పునర్విచారణ ఆ కోర్టులో చాలా అరుదుగా జరిగేది.

ఇది రాసేటప్పుడు ఒక్క పార్టీనే బోనులో నిలబెట్టకు. కొత్తవాళ్ళ తొందరను రాస్తే, దిగిపోయే ముందు పాతవాళ్ళు చూపిన తొందరను కూడా రాయి. అలాగే రిగ్స్ వివాదంలో రిచర్డ్ డీట్జ్ అనే రిపబ్లికన్ న్యాయమూర్తి తన పార్టీ సహచరులతో విభేదించి రాసిన సంగతి వదిలేయకు. మైయర్స్ గురించి చెప్పేటప్పుడు ఆయన్ను నియమించింది డొనాల్డ్ ట్రంప్ అని చెప్పు, ఆయనకు జీవితకాల పదవి అని కూడా చెప్పు. వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు ఇచ్చేవారు గాని, విరాళం ఇచ్చేవారు గాని ఆయనకు అవసరం లేదు. ఈ మూడు వివరాలూ పక్కపక్కన పెడితే చాలు, నీ వ్యాఖ్య అక్కర్లేదు.

డబ్బు సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు. పశ్చిమ వర్జీనియా కథ చదువు. హ్యూ కేపర్టన్ అనే చిన్న బొగ్గు గని యజమాని, మాసీ అనే పెద్ద బొగ్గు కంపెనీ తన వ్యాపారాన్ని నాశనం చేసిందని దావా వేశారు. 2002లో జ్యూరీ ఆయనకు 5 కోట్ల డాలర్లు ఇప్పించింది. అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్ళబోతుండగా 2004 ఎన్నికలు వచ్చాయి. అప్పట్లో అక్కడ కూడా జడ్జీలకు పార్టీ ఎన్నికలే. మాసీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ ఆ కోర్టులో ఒక న్యాయమూర్తిని ఓడించి బ్రెంట్ బెంజమిన్‌ను గెలిపించడానికి సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చు చేశారు. బెంజమిన్ గెలిచారు. కేపర్టన్ పదేపదే అడిగినా విచారణ నుంచి తప్పుకోలేదు. 3-2 తేడాతో కంపెనీ గెలిచింది, ఆ ముగ్గురిలో బెంజమిన్ ఒకరు. 2009లో అమెరికా సుప్రీంకోర్టు, 5-4 తేడాతో, ఆయన తప్పుకుని ఉండాల్సిందని తీర్పు ఇచ్చింది.

చాలామంది కథను అక్కడ ఆపేస్తారు, న్యాయం జరిగిందన్న తృప్తితో. నువ్వు ఆపకు. కేసు తిరిగి రాష్ట్రానికి వచ్చింది. ఈసారి బెంజమిన్ లేరు. కేపర్టన్ మళ్ళీ ఓడిపోయారు, 4-1 తేడాతో. ఈ విషయం నీ వాదనకు అడ్డమని దాచేయాలనిపిస్తుంది. దాచకు, అదే నీ వ్యాసానికి గుండెకాయ. ఫలితం ఒకటే అయినప్పుడు ఆ రెండు ఓటములకూ మధ్య ఏముంది? ఆ రైతు అడిగిన ప్రశ్న ఉంది. మొదటిసారి కేపర్టన్ ఆ ప్రశ్న అడిగి ఉంటే, అవతలి కంపెనీ అధిపతి పెట్టిన ఖర్చుతో గెలిచిన మనిషి ధర్మాసనం మీద ఉండగా, ఏ వకీలు మాత్రం ఏ పేజీ మీద వేలు పెట్టి చూపించగలడు? పశ్చిమ వర్జీనియా తర్వాత 2015లో చట్టం చేసి జడ్జీల ఎన్నికల నుంచి పార్టీ పేర్లు తీసేసింది.

ఇక అవతలి వాదన. దాన్ని నువ్వు చాలా బలహీనంగా రాశావు, సులువుగా కూల్చడానికి వీలుగా. అలా చేస్తే చదివేవాడికి నీ మీద గురి పోతుంది. ఎన్నికలు పెట్టినవాళ్ళు మూర్ఖులు కారు. 1832లో మిసిసిపీ జడ్జీలందరినీ ఎన్నుకోవడం మొదలుపెట్టింది, 1846లో న్యూయార్క్ ఆ దారి పట్టింది. గవర్నర్లూ శాసనసభలూ తమవాళ్ళకు పదవులు పంచుకుంటుంటే, జడ్జి ప్రజలకు జవాబుదారీ కావాలని కోరుకున్నారు వాళ్ళు. పార్టీ పేరు ఉండటమే నయమనేవాళ్ళ మాట కూడా వినాలి. ముక్కూముఖం తెలియని పేర్ల మధ్య ఓటరుకు దొరికే ఒకే ఒక్క గుర్తు అదే కదా అంటారు. విస్కాన్సిన్‌ను చూపిస్తారు. అక్కడ బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. అయినా 2025 ఏప్రిల్‌లో సూసన్ క్రాఫర్డ్, బ్రాడ్ షిమెల్ మధ్య జరిగిన పోటీలో రెండు పార్టీలూ బాహాటంగా దిగాయి, ఎలాన్ మస్క్ కొందరు ఓటర్లకు తలా పది లక్షల డాలర్ల చెక్కులు ఇచ్చారు. పేరు తీసేసినంత మాత్రాన పార్టీ పోదు. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నీ దగ్గరా లేకపోతే లేదనే రాయి.

మన దేశం ప్రస్తావన ఒక పేరా మించనివ్వకు. ఇక్కడ హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలను జడ్జీలే ఎంపిక చేసే కొలీజియం పద్ధతి 1993 తీర్పుతో వచ్చింది. దాన్ని మార్చడానికి పార్లమెంటు చేసిన చట్టాన్ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తలుపులు వేసుకుని చేసే ఎంపిక మీద ఇక్కడా అసంతృప్తి ఉంది. కనుక మన పద్ధతి గొప్పదన్న ధ్వని నీ రాతలో రాకూడదు. నీ వ్యాసంలో రెండు చోట్ల వచ్చింది, గీత గీశాను.

మాటల విషయం. "రిక్యూజ్ అయ్యారు" అని రాశావు, విచారణ నుంచి తప్పుకున్నారు అంటే అందరికీ తెలుస్తుంది. "అమ్ముడుపోయిన తీర్పు" అన్న మాట ఒకచోట వాడావు, అది తీసెయ్యి. అమ్ముడుపోయిందని రుజువు చేయలేని మాటతో కక్షిదారు అనుమానాన్ని పెంచుతున్నావు, వివరించడం లేదు. నీకు కోపం ఉందని తెలుసు. నాకూ ఉంది. కోపాన్ని తేదీల్లోనూ అంకెల్లోనూ పెట్టు. అన్నట్టు, ధర్మాసనం అన్న మాటను ఏడుసార్లు వాడావు, బెంచికి మారుపేరుగా. వాడే ప్రతిసారీ ఆ మాటలో ఉన్నది ఏమిటో తలచుకో. అది కూర్చునే మనిషి పేరు కాదు, ఆసనం పేరు. మన పూర్వులు ధర్మాన్ని ఆ పీటకు అంటగట్టారు, మనిషి ఎవరైనా సరే దాని మీద కూర్చున్నంతసేపు దానికి లోబడాలని. పార్టీ పేరు పెట్టినప్పుడు మనం మనిషి పేరు చూసి ఆసనాన్ని అంచనా వేస్తున్నాం. ఈ మాట నీకు పనికొస్తే వాడుకో.

మీ రాష్ట్ర సుప్రీంకోర్టులో న్యాయమూర్తి ఆనిటా ఎర్ల్స్ స్థానానికి ఎన్నిక 2026 నవంబరులో. వ్యాసం మళ్ళీ రాసేముందు ఒక పని చెయ్యి. మీ అమ్మగారినీ నాన్నగారినీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, 2024 నమూనా బ్యాలెట్ ముందు పెట్టు. అధ్యక్షుడు, గవర్నరు దాటి కిందికి వచ్చి, జడ్జీల పేర్ల దగ్గర వాళ్ళ వేలు ఎక్కడ ఆగుతుందో, పేరు మీద ఆగుతుందో, పేరు కింద ఉన్న పార్టీ మీద ఆగుతుందో చూడు. తర్వాత ఒక్క ప్రశ్న అడుగు. రేపు మన ఇంటి దస్తావేజు మీద తగాదా వచ్చి, మీరు ఓటు వేయని మనిషి దగ్గర మన కేసు ఓడిపోతే, ఆయన కాగితాలు చదివారని నమ్ముతారా? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసుకో. మధ్యలో నువ్వు మాట్లాడకు. అది నాకు పంపు, మిగతాది ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ క్షేమం కోరే
మాష్టారు