రిసెప్షన్ చేసిన అధికారికి ఏమీ కాలేదు, కొట్టు తీసిన నాకు సమన్లా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. ఊరి పేరు వేయొద్దు. మాకు చిన్న బట్టల కొట్టు ఉండేది. 2021 మేలో కర్ఫ్యూ ఉన్నప్పుడు, మధ్యాహ్నం 12 దాటాక సగం షట్టరు ఎత్తి పెళ్లివాళ్లకు బట్టలు ఇస్తుంటే ఒక అధికారి పోలీసులతో వచ్చి నాన్నను అందరి ముందూ నానా మాటలు అన్నారు. నాన్న మీద, నా మీద కేసు పెట్టారు. అదే నెలలో ఆ అధికారి తన కూతురి రిసెప్షన్‌ను కల్యాణ మండపంలో వందలమందితో చేశారు. మా స్నేహితుడు వీడియో తీశాడు. నాన్న ఆ అవమానంతోనే కుంగిపోయి మరుసటి ఏడాది పోయారు. కొట్టు మూసేశాం. ఆయన మాత్రం 2024లో దండలు వేయించుకుని రిటైరయ్యారు. ఇప్పుడు గల్ఫ్ వెళ్దామని పాస్‌పోర్టు పనిలో ఉంటే కోర్టు సమన్లు వచ్చాయి, చనిపోయిన నాన్న పేరు మీద కూడా. టెన్షన్‌తో మొదటి వాయిదాకు వెళ్లలేదు. ఇంగ్లండులో ప్రధానమంత్రికే ఫైన్ వేశారు కదా, ఈయన మీద నేను కేసు వేయలేనా? కరోనా వల్ల గడువులన్నీ సుప్రీంకోర్టు పొడిగించిందని అంటున్నారు. వీడియో చూపించి ఆయన చేతే మా కేసు తీయించుకోమని ఒకరు, లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేయమని మరొకరు చెబుతున్నారు. సమన్ల ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో రిసెప్షన్ గురించి రెండు పేజీలు రాశారు. చార్జిషీటు గురించి ఒక్క ముక్క లేదు. మీ కేసు తేలేది రిసెప్షన్ దగ్గర కాదు, 2023 ఫిబ్రవరి 28 అనే తేదీ దగ్గర. ఆ అధికారి మీద మీరు వేయాలనుకుంటున్న కేసును ఆ తేదీ మీ చేతిలోంచి తీసేసింది. మీ మీద ఉన్న కేసును కూడా అదే తేదీ కొట్టేయించగలదు.

మీ మీద పెట్టిన సెక్షన్లు మూడు. అధికారి ఉత్తర్వు ధిక్కరించారని పాత శిక్షాస్మృతి 188, రోగం వ్యాపించేలా నిర్లక్ష్యంగా నడుచుకున్నారని 269, విపత్తు నిర్వహణ చట్టం 51(బి). 188, 269ల్లో జైలు గరిష్ఠంగా ఆరు నెలలు, 51(బి)లో ఏడాది. ఏడాదికి మించని జైలుశిక్ష ఉన్న నేరాలకు పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 468 ప్రకారం కాలపరిమితి ఒక్క సంవత్సరం. ఆ తర్వాత వచ్చిన చార్జిషీటునైనా, ప్రైవేటు ఫిర్యాదునైనా మేజిస్ట్రేటు విచారణకు తీసుకోకూడదు.

సుప్రీంకోర్టు గడువులు పొడిగించిన మాట నిజమే. 2022 జనవరి 10న ఇచ్చిన ఉత్తర్వులో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమంది. అంటే 2021 మేలో జరిగినదానికి ఏడాది లెక్క 2022 మార్చి 1న మొదలై 2023 ఫిబ్రవరి 28తో అయిపోతుంది. ఇంతకు మించి పొడిగింపు మీకూ లేదు, పోలీసులకూ లేదు.

ముందు మీ ఫిర్యాదు సంగతి. ఆ అధికారి మీద కేసు వేసే దారి మీకు ఒకప్పుడు ఉంది. 188 కింద మీరు నేరుగా వేయలేరు, అది సంబంధిత అధికారే కోర్టుకు రాసివ్వాలి. కానీ విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 60 మామూలు పౌరుడికీ ఒక తలుపు తెరిచింది. సంబంధిత అథారిటీకి 30 రోజుల ముందు నోటీసిచ్చి ఎవరైనా కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. 269 కింద ప్రైవేటు ఫిర్యాదుకూ అడ్డు లేదు. కూతురి రిసెప్షన్ ప్రభుత్వ విధి కాదు కాబట్టి, దాని మీద కేసుకు ప్రభుత్వ అనుమతి కావాలనే వాదన కూడా నిలిచేది కాదు. ఇంత బలమైన స్థితిలో ఉండి ఒక్క రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపలేదు మీరు. శాఖాపరమైన చర్యకు కలెక్టరుకు ఒక అర్జీ పెట్టినా సరిపోయేది. అదీ పెట్టలేదు. రిటైరైన ఉద్యోగి మీద, సంఘటన జరిగిన నాలుగేళ్లు దాటాక శాఖాపరమైన విచారణ మొదలుపెట్టడానికి ఆంధ్రప్రదేశ్ పెన్షన్ నియమాల్లో 9వ నియమం ఒప్పుకోదు. ఆ నాలుగేళ్లు 2025 మేతో నిండాయి.

ఆలస్యాన్ని మన్నించమని సీఆర్‌పీసీ 473 కింద అడగొచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారంటే చెప్పడానికి మీ దగ్గర కారణం లేదు. పైగా ఆ పిటిషన్‌లో మీరు ఏ వాదన రాస్తారో, రేపు మీ కేసులో ఆలస్యాన్ని మన్నించమని ప్రాసిక్యూషన్ అదే వాదన మీకు అప్పజెబుతుంది. ఆ జోలికి పోవద్దు.

ఇంగ్లండు విషయం. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కు 2022 ఏప్రిల్‌లో జరిమానా పడింది, 2020 జూన్ 19న క్యాబినెట్ గదిలో జరిగిన పుట్టినరోజు కార్యక్రమానికి. మే నెలకల్లా అక్కడి పోలీసులు 83 మందికి 126 జరిమానాలు వేసి దర్యాప్తు ముగించారు. జనాగ్రహం లేకపోతే ఆ దర్యాప్తు మొదలయ్యేది కాదు. కానీ జరిమానాలు పడింది ఈమెయిళ్ల మీద, రాకపోకల రికార్డుల మీద, తేదీ తేల్చగల ఫొటోల మీద. మీ దగ్గర ఏముంది?

మీ స్నేహితుడు వీడియో తీసిన ఫోన్‌ను ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాడని ఉత్తరం చివర్లో చిన్నగా రాశారు. మిగిలింది వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది, ఎప్పుడు తీశారో చెప్పే వివరాలు దాదాపుగా పోతాయి. అసలు ఫోన్ కోర్టుకు తేలేనప్పుడు కాపీతో పాటు ధ్రువీకరణ పత్రం తప్పనిసరి అని 2020లోనే అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63లో దానికి నిపుణుడి సంతకం, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) కూడా తోడయ్యాయి. మీ మొత్తం ఆగ్రహానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని పాత ఫోన్‌తో పాటు వదిలేశారు. అప్పుడే ఫైలును రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఫోన్‌ను కవరులో పెట్టి బీరువాలో దాచడానికి ఎంతసేపు పట్టేది? చదువుతున్న మిగతావాళ్లు కూడా వినండి. అధికారుల తప్పును వీడియో తీశాక చేయాల్సిన మొదటి పని గ్రూపుల్లో పెట్టడం కాదు, తీసిన ఫోన్‌ను కాపాడుకోవడం.

ఇక "వాళ్లను వదిలి నన్నే ఎందుకు" అన్న వాదన. కోర్టులో దీన్ని ఎత్తకండి. హెల్మెట్ లేదని పట్టుబడ్డవాడు ముందు వెళ్లిన బండిని చూపించి బయటపడలేడు. మరొకరి తప్పును వదిలేశారు కాబట్టి నా తప్పునూ వదిలేయాలని సమానత్వ హక్కు కింద అడగడానికి వీల్లేదని 1995లో రిపోర్టయిన జగ్జీత్ సింగ్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. అందువల్ల మీ కోపం తప్పని నేను అనడం లేదు. 2020లో రాష్ట్రమంతా కేసులు వస్తున్నా, ఏప్రిల్ చివరి వారం దాకా శ్రీకాకుళం, మే దాకా విజయనగరం కేసు లేకుండా నిలబడ్డాయంటే చిన్న కొట్లవాళ్లు, కూలీలు బేరం, పని వదులుకుని కూర్చోవడమూ అందులో ఉంది. వాళ్ల చేత నియమం పాటింపజేసిన అధికారే దాన్ని తప్పడం పెద్ద నేరమనే నేను నమ్ముతాను. మామూలు మనిషి తప్పు కంటే అది బరువైనది. కానీ ఆ బరువును తూచే చోటు మీ సి.సి. (కోర్టులో మీ మీద నడుస్తున్న కేసు) కాదు. అక్కడ ఆ మాట ఎత్తితే మొదట రాలిపోయేది మీ అసలు వాదనే.

ఇప్పుడు మీకు వచ్చిన రెండు సలహాలు.

వీడియో చూపించి కేసు తీయించుకోమన్న మనిషి మాట వినకండి. ఆయన ఇంటికి వెళ్లకండి, ఫోన్ చేయకండి, మధ్యవర్తిని పంపకండి. "మా కేసు తీయించకపోతే ఇది బయటపెడతాను" అన్న క్షణం నుంచి నిందితులు మీరే. పరువుకు నష్టం చేస్తానని బెదిరించి ఒక పని చేయించుకోవాలని చూడటం కొత్త న్యాయసంహిత 351 కింద నేరం. వాట్సాప్‌లో మీరు పెట్టే ఆ ఒక్క మెసేజీ ఆయనకు పక్కా సాక్ష్యం అవుతుంది. కాలపరిమితి దాటి ఉండగల పాత చిన్న కేసు స్థానంలో కొత్త కేసు నెత్తిన పడుతుంది. పైగా కోర్టుకు వెళ్లిన చార్జిషీటును వెనక్కి తీసే అధికారం ఆయనకు సర్వీసులో ఉన్నప్పుడే లేదు, రిటైరయ్యాక ఎక్కడిది? ఆ వీడియోలో ఆయన ఆడపిల్లలు, చుట్టాల పిల్లలు ఉన్నారు. ఫేస్‌బుక్‌లో కూడా పెట్టొద్దు.

రెండో సలహా మెత్తగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. లోక్ అదాలత్ రోజు చిన్న కేసులన్నీ వరుసగా పిలుస్తారు, తప్పు ఒప్పుకున్నానంటే జరిమానా కట్టి మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు. ఇంగ్లండులో అలాంటి జరిమానా కట్టేస్తే నేరం రుజువైనట్టు కాదు. ఇక్కడ కోర్టు ముందు తప్పు ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే. అంతమాత్రాన పాస్‌పోర్టు రాదని చట్టం లేదు. కానీ ఉద్యోగ దరఖాస్తులో "ఎప్పుడైనా శిక్ష పడిందా" అనే గడి కనిపించిన ప్రతిసారీ మీరు అవునని రాయాలి. గల్ఫ్ కంపెనీకి పోలీసు క్లియరెన్స్ కావాల్సి వచ్చినప్పుడూ అదే ఇబ్బంది. నిలవకపోయే అవకాశమున్న కేసుకు తల వంచి ఆ మచ్చ ఎందుకు కొనుక్కుంటారు?

చేయాల్సింది ఇది. మీరు పంపిన ఫొటోలో సి.సి. నంబరు పక్కన 2023 అని ఉంది. అది చూసి సంబరపడకండి. అది కోర్టు నంబరు వేసిన ఏడాది. కాలపరిమితికి లెక్క చార్జిషీటు కోర్టులో దాఖలైన రోజు, నంబరు పడిన రోజు కాదని 2013లో సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2022లో దాఖలు చేసిన చార్జిషీటుకు 2023లో నంబరు పడి ఉండొచ్చు. అందుకే చార్జిషీటు, ఎఫ్‌ఐఆర్, కేసును విచారణకు తీసుకున్న ఉత్తర్వు, ఈ మూడింటికీ నకళ్ల దరఖాస్తు పెట్టించండి. చార్జిషీటు మొదటి పేజీ మీద కోర్టు వేసిన గుండ్రటి సీలు, అందులో తేదీ, పక్కన పొట్టి సంతకం ఉంటాయి. ఆ తేదీ కోసమే ఈ శ్రమంతా.

అది 2023 ఫిబ్రవరి 28 తర్వాతిదైతే, ఆలస్యాన్ని మన్నించమని పోలీసులు పిటిషన్ వేశారేమో ఫైల్లో చూడమని మీ ప్లీడరుకు చెప్పండి. వేసినా, మీకు నోటీసు ఇచ్చి మీ మాట వినకుండా మన్నించి ఉంటే అది చెల్లదు. ముందు మేజిస్ట్రేటు దగ్గరే కాలపరిమితి అభ్యంతరం రాతపూర్వకంగా వేసి, సీఆర్‌పీసీ 258 కింద కేసు ఆపేయమని అడగాలి. సమన్స్ కేసు (చిన్న శిక్షలున్న కేసు) కాబట్టి, నన్ను కేసులోంచి తప్పించమని డిశ్చార్జి పిటిషన్ అని వేసి కాలం వృథా చేసుకోవద్దు. అక్కడ కాకపోతే హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్.

తేదీ గడువు లోపలే ఉందనుకోండి, అప్పుడు రెండో కాగితం వెతకాలి. 188కి సంబంధిత అధికారి గానీ ఆయన పైవారు గానీ కోర్టుకే రాసిచ్చిన ఫిర్యాదు ఉండాలని సీఆర్‌పీసీ 195 చెబుతోంది. ఆ అధికారి పోలీసు స్టేషనులో ఇచ్చిన రిపోర్టు దానికి బదులు కాదు. పోలీసుల చార్జిషీటు మీద 188 నిలవదని 2010లో మునియప్పన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా అంది. 51(బి)కీ సెక్షన్ 60 కింద అథారిటీ గానీ, ముందు నోటీసిచ్చిన వ్యక్తి గానీ వేసిన ఫిర్యాదు కావాలి. ఇక మిగిలేది 269 ఒక్కటే. మీకు గానీ నాన్నగారికి గానీ అప్పుడు కరోనా ఉందని చూపే పరీక్ష కాగితం చార్జిషీటులో లేకపోతే దాన్ని గట్టిగా ఎదుర్కోవచ్చు. ఇది కాలపరిమితి అంత తేలిక దారి కాదు, అందుకే తేదీ ముందు చూడమంటున్నాను.

నాన్నగారి మీద కేసు ఆయనతోనే ముగిసింది. పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం అసలు, నకలు రెండూ పట్టుకెళ్లి మెమో వేయించండి. ఆయన పేరున సమన్లు మళ్లీ రావు.

మీరు వాయిదాకు వెళ్లకపోవడం మాత్రం క్షమించరానిది. సమన్లు సంతకం పెట్టి తీసుకుని ఇంట్లో కూర్చుంటే తర్వాత వచ్చేది వారెంటు. ఈపాటికే నాన్‌బెయిలబుల్ వారెంటు పడి ఉంటే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా వకాల్తా వేయించి మీరే కోర్టులో హాజరై వారెంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ పెట్టుకోండి. తనంతట తాను వచ్చినవాడి విషయంలో కోర్టులు సాధారణంగా కఠినంగా ఉండవు. ప్లీడరుకు ఇచ్చుకునే స్థోమత లేకపోతే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయ పరిమితి లోపల ఉంటే ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

పాస్‌పోర్టు దరఖాస్తులో ఈ కేసును దాచొద్దు, దాస్తే అది వేరే నేరం. కేసు తేలడానికి ముందే వెళ్లాల్సి వస్తే 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం అదే మేజిస్ట్రేటు దగ్గర అనుమతి ఉత్తర్వు తీసుకుని దరఖాస్తుకు జత చేయండి. ఏజెంటుకు అడ్వాన్సు మాత్రం ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఇవ్వకండి.