కోచింగ్ ఫీజు కన్నా ముందు కంటి పరీక్ష

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా అబ్బాయి బీఎస్సీ ఫైనలియర్. అమెరికా రైళ్ల డిస్పాచర్ల వీడియోలు చూసి తనకూ ఆ పనే కావాలంటున్నాడు. మన దగ్గర అది స్టేషన్ మాస్టర్ ఉద్యోగమేనా? ఏసీ గదిలో కూర్చుని చేసే పని అంటాడు. నాకేమో రాత్రి డ్యూటీలు, యాక్సిడెంట్లు తలుచుకుంటేనే టెన్షన్. కోచింగ్‌కు డబ్బు కట్టమంటారా?

జవాబు: అమ్మా, అమెరికాలో డిస్పాచర్ చేసే పనిని మన రైల్వేలో ఇద్దరు పంచుకుంటారు. ఏ బండిని ముందు పంపాలి, దేన్ని లూప్ లైన్‌లో (మెయిన్ లైన్ పక్కన బళ్లు ఆపే లైన్‌లో) ఆపాలి అన్నది డివిజన్ ఆఫీసులో కూర్చునే సెక్షన్ కంట్రోలర్ చెబుతారు. స్టేషన్‌లో పాయింట్లు (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించే కదిలే పట్టాలు) మార్చి, సిగ్నల్ ఇచ్చి, ఆ బండికి పూచీ పడేది స్టేషన్ మాస్టర్. మీవాడు డిగ్రీతో ఈ రెండోదానికి ప్రయత్నించవచ్చు. సర్వీసులో ఉంటూ కంట్రోలర్‌గా వెళ్లే దారి తర్వాత ఎలాగూ ఉంటుంది.

మా మేనమామ గూడూరు లైన్‌లో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు రాత్రి క్యారియర్ తీసుకెళ్లి ఆయన గదిలో కూర్చునేవాణ్ణి. డ్యూటీ ఎక్కగానే ఆయన కుర్చీలో కూర్చునేవారు కాదు. దిగిపోయే మాస్టర్ రాసిన డైరీ నిలబడే చదివేవారు. ఏ లైన్‌లో ఏ బండి ఉంది, ఏ తాళం చెవి ఎవరి దగ్గరుంది, ఎక్కడ వేగం తగ్గించాలి, అన్నీ చూసుకున్నాకే సంతకం. ఆ తర్వాత ఫోన్లు మొదలు. పక్క స్టేషన్ లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడుగుతుంది. ఇటు గేట్‌మ్యాన్‌కు ఫోన్ చేసి గేటు మూయమనాలి. "మూశాను" అంటే చాలదు, తన పుస్తకంలోని రెండంకెల ప్రైవేట్ నంబర్ చెప్పాలి. మామయ్య దాన్ని రిజిస్టర్‌లో రాసుకున్నాకే సిగ్నల్. వాడిన నంబర్ అక్కడికక్కడే కొట్టేస్తారు. బండి దాటేటప్పుడు బయటికి వచ్చి పచ్చ దీపం పట్టుకుని నిలబడేవారు. చక్రాల దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయా, ఏదైనా వేలాడుతోందా, చివరి పెట్టె వెనక ఎర్ర దీపం ఉందా అని చూసేవారు. ఆ దీపం కనపడితేనే బండి మొత్తం వచ్చినట్టు. లేకపోతే వెనక కొన్ని పెట్టెలు తెగి లైన్ మీదే ఉండిపోయాయేమో! (బీచ్, తాంబరం మధ్య లోకల్ లైన్లలో సిగ్నళ్లు ఆటోమేటిక్, అక్కడ పద్ధతి కొంత వేరు.)

ఇదంతా అన్నీ సరిగా పనిచేసే రోజు సంగతి. ఈ ఉద్యోగం మనిషిని పరీక్షించేది చెడిపోయిన రోజే. ప్యానెల్ (పాయింట్లు, సిగ్నళ్లు నడిపే బల్ల) మీద పాయింట్ సరిగా పడినట్టు సూచన రాదు. బయట ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంటుంది, కంట్రోలర్ ఫోన్ మీద ఫోన్, కిటికీ దగ్గర ప్రయాణికుల గొడవ. అప్పుడు వానైనా సరే మనిషి పట్టాల దగ్గరికి వెళ్లి, పాయింట్ కళ్లారా చూసి, అది కదలకుండా క్లాంప్ వేసి తాళం పెట్టాలి. తర్వాత ఎర్ర సిగ్నల్ దాటడానికి లోకో పైలట్‌కు రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. అరగంట లేటయితే అవనీ అనుకుని ఒక్క మెట్టు కూడా వదలకుండా చేసేవాడే ఈ పనికి పనికొస్తాడు. మీవాడు ఒత్తిడిలో తొందరపడే రకమా, నెమ్మదించే రకమా? అది మార్కుల లిస్టులో కనపడదు, తల్లిగా మీకే తెలుస్తుంది.

యాక్సిడెంట్ల గురించి అడిగారు. 2024 అక్టోబర్ 11 రాత్రి చెన్నై దగ్గర కవరైపేట్టైలో మైసూరు-దర్భంగా ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ ఇచ్చినా, లూప్ లైన్‌లోకి వెళ్లి ఆగి ఉన్న గూడ్స్‌ను గుద్దింది. ప్రాణనష్టం జరగలేదు. మీ భయం అర్థం లేనిది అనను. అలాంటి రాత్రి తర్వాత రిజిస్టర్లు స్వాధీనం చేసుకుని ప్రతి గీత పరిశీలిస్తారు. మామయ్య ఏ పనీ రాయకుండా వదలకపోవడానికి కారణం అదే.

రాత్రి డ్యూటీ తప్పదు. షిఫ్టు మామూలుగా 8 గంటలు, రద్దీ తక్కువున్న చిన్న స్టేషన్లలో 12 కూడా. పండగ పూట ఇంట్లో ఉండడన్న సంగతికి మీరూ సిద్ధపడాలి.

ఇక డబ్బు విషయం. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్‌ఆర్‌బీ) పెట్టే ఎన్టీపీసీ పరీక్షలో ఇది లెవెల్ 6 పోస్టు, మూల వేతనం 35,400. కానీ మెడికల్‌లో ఏ-2 ప్రమాణం కావాలి. అంటే అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/9 దూరపు చూపు ఉండాలి, రంగులు తప్పు లేకుండా గుర్తించాలి. లేసిక్ (చూపు సరిచేసే లేజర్ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లను ఈ పోస్టుకు తీసుకోరు. రెండేళ్లు చదివి, రాత పరీక్షలన్నీ దాటి, చివర్లో కళ్ల దగ్గర ఆగిపోయి నా ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలను చూశాను. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. అందుకే ఈ వారమే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ-2 అని చెప్పి కలర్ విజన్‌తో సహా చూపించండి.

కళ్లు బాగుంటే, ఇంట్లోనే పాత ప్రశ్నపత్రాలు టైము పెట్టి రాయించండి. రెండు రాత పరీక్షలూ తెలుగులో రాయొచ్చు. తర్వాత వచ్చే ఆప్టిట్యూడ్ టెస్ట్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. అందులో ప్రతి భాగంలోనూ విడివిడిగా 42 టీ-స్కోర్ (అందరి మార్కులతో పోల్చి లెక్కగట్టే స్కోరు) రావాలి, ఏ కేటగిరీకీ సడలింపు లేదు. ఇంకొకటి, చెన్నై బోర్డు ద్వారా వచ్చినంత మాత్రాన చెన్నైలోనే పోస్టింగ్ అనుకోకండి. దక్షిణ రైల్వేలో ఎక్కడైనా వేయొచ్చు. సూళ్లూరుపేట, నాయుడుపేట కూడా చెన్నై డివిజన్‌లోనివే, అటు పడితే తెలుగు వచ్చినవాడికి సుఖం.

పాత పేపర్లలో లెక్కలు, రీజనింగ్ వెనకబడితేనే కోచింగ్ గురించి ఆలోచించండి. కళ్ల సంగతి తేలేదాకా మాత్రం ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.