ఫ్యాకల్టీ అంటే మేష్టార్లేనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో జీవశాస్త్రం చదువుతోంది. 'మాస్కో యూనివర్సిటీ బయాలజీ ఫ్యాకల్టీ 1930లో ఏర్పడింది' అని ఎక్కడో చదివి నన్నడిగింది. ఫ్యాకల్టీ అంటే పాఠాలు చెప్పేవాళ్లు కదా, వాళ్లు ఏర్పడటమేమిటి? యూనివర్సిటీ 1755 నాటిదంటారు. అంతకాలం అక్కడ జీవశాస్త్రమే లేదా? ఇప్పుడేం చేస్తున్నారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం సబబేనమ్మా. 'ఫ్యాకల్టీ బాగుందా?' అంటే మనకు మేష్టార్లు బాగా చెబుతారా అనే అర్థం. రష్యాలో వేరు. ఒక శాస్త్రానికి చెందిన శాఖలన్నీ ఒక డీన్ కింద ఉంటే అది ఫ్యాకల్టీ. ఒక్కో శాఖ 'కఫెద్రా'. మాస్కోలో అవి ఇరవైకి పైనే. అంత పొడుగు పేరు పలకలేక విద్యార్థులు 'బయోఫాక్' అనేస్తారు.

1755లో ఆ యూనివర్సిటీలో ఉన్నవి మూడే ఫ్యాకల్టీలు: తత్వశాస్త్రం, న్యాయం, వైద్యం. మొక్కలూ జంతువులూ చాలాకాలం పరాయి పంచన బతికాయి. 1791లో మొదలుపెట్టిన ప్రకృతి వస్తువుల సేకరణే నేటి జంతు మ్యూజియానికి మూలం. 1812లో నెపోలియన్ సైన్యం మాస్కోలో దిగినప్పుడు లేచిన మంటల్లో అందులో చాలాభాగం బూడిదైంది. మళ్లీ పోగేసుకున్నారు. పీటర్ చక్రవర్తి 1706లో వేయించిన మందుమొక్కల తోట కూడా తర్వాత యూనివర్సిటీ చేతికొచ్చింది. కాబట్టి 1930లో జీవశాస్త్రం పుట్టలేదు, వేరు కాపురం పెట్టింది.

ఆ కాపురంలో పెద్ద గొడవ 1948లో వచ్చింది. జన్యువులూ లేవు గిన్యువులూ లేవు, పెంపకంతో వచ్చిన మార్పులే సంతానానికి దిగుతాయని వాదించే వ్యవసాయ శాస్త్రవేత్త లిసెంకోకు ఆ ఆగస్టులో కమ్యూనిస్టు పార్టీ అండ బాహాటంగా దొరికింది. బయోఫాక్‌లో జన్యుశాస్త్ర శాఖను నెలకొల్పిన సెరెబ్రోవ్‌స్కీ అంతకు ముందే, జూన్‌లో కన్నుమూశారు. ఆ రోజులు చూడకుండా పోయారు, అదే మేలనిపిస్తుంది నాకు. పరిణామశాస్త్రంలో దిట్ట ష్మాల్‌హౌజెన్ ఉద్యోగం పోయింది. మొక్కల శరీరధర్మం చెప్పే సబీనిన్‌నూ సాగనంపారు. ఆయన 1951లో ఆత్మహత్య చేసుకున్నారు. కొత్త డీన్‌గా వచ్చిన ప్రెజెంట్ అనే లిసెంకో అనుచరుడు చదివింది సామాజిక శాస్త్రం! లెనిన్‌గ్రాడ్‌లోనూ ఆయనే డీన్.

మనుషులతో పాటు ఈగలూ పోయాయి. దేశంలో పలుచోట్ల ప్రయోగాల కోసం తరతరాలుగా పెంచుతున్న డ్రోసోఫిలా (పండ్ల ఈగ) వంశాలను నాశనం చేశారు. పుస్తకం తగలబడితే ఇంకో ప్రతి దొరకొచ్చు, ఈగల వంశం పోతే పోయినట్టే. ఒకసారి సెలవుల్లో కరెంటు పోయి మా ల్యాబులో నేను మూడేళ్లు సాకిన బూజుల కల్చర్లు చెడిపోయాయి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. వాళ్లకెలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అదే ఫ్యాకల్టీలో జీవరసాయన శాస్త్రవేత్త బెలోజెర్‌స్కీ తన పని తాను చేసుకుపోయారు. డీఎన్ఏ జంతువులకే పరిమితమని చాలామంది అనుకునే 1930లలోనే మొక్కల్లోనూ ఉందని చూపారు. తర్వాత, 1950ల చివర్లో, శిష్యుడు స్పీరిన్‌తో కలిసి రకరకాల బాక్టీరియాలను పరీక్షించారు. డీఎన్ఏ కూర్పు ఒకదానికీ మరోదానికీ చాలా తేడాగా ఉంది, దానికి బంధువైన ఆర్ఎన్ఏ అణువుల కూర్పు మాత్రం పెద్దగా మారలేదు. ఆర్ఎన్ఏలో కొద్దిభాగమే డీఎన్ఏను అనుసరిస్తోందని తేలింది. డీఎన్ఏ నుంచి ప్రొటీన్ల తయారీకి సందేశం మోసే ఆర్ఎన్ఏ ఒకటుందన్న ఆలోచనకు అది ముందస్తు సూచన. లిసెంకో పలుకుబడి పూర్తిగా పోయింది 1960ల మధ్యలో.

ఇక ఇప్పటి పని. ల్యాబుల్లో కణాలూ, జన్యువులూ, మెదడూ అన్నీ ఉన్నాయి, అవి ఎక్కడైనా ఉండేవే. నాకు అసూయ పుట్టించేది వాళ్ల వేసవి చదువు. మాస్కోకు దగ్గర్లోని జ్వెనీగొరద్‌లో 1910 నాటి కేంద్రం ఉంది. ఆర్కిటిక్ వలయం దగ్గర తెల్ల సముద్రం ఒడ్డున 1938లో ఇంకోటి పెట్టారు. ఆ రెండోది యుద్ధకాలంలో మూతపడింది. 1951లో పెర్త్‌సోవ్ అనే ఆయన దాని బాధ్యత తీసుకున్నాక, వేసవుల్లో విద్యార్థులే వచ్చి ఇళ్లు కట్టారు. ఇవాళా పిల్లలు అక్కడ పోటు తీసినప్పుడు బూట్లు వేసుకుని బురదలో దిగి, పురుగులనూ నత్తలనూ ఏరుకొస్తారు. వేసవిలో రాత్రి చీకటి పడదు కాబట్టి పని ఆపడానికి సాకు కూడా దొరకదు!

ప్రశ్న: మా అమ్మాయి చేత మొక్కలు ఎండబెట్టించి అట్టలకు అతికిస్తున్నారు. ఫోను ఉంది, ఫొటో తీస్తే చాలదా?
– అదే పాఠకురాలు

జవాబు: చాలదు. ఫొటోలోంచి డీఎన్ఏ తీయలేం, పుప్పొడిని సూక్ష్మదర్శినిలో పెట్టలేం. మాస్కో యూనివర్సిటీ హెర్బేరియంలో (ఎండు మొక్కల భాండాగారంలో) ఇలాంటి అట్టలు పది లక్షలకు పైగా ఉన్నాయి. వాటి ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టినా, అట్టలు పారేయలేదు చూడండి. పాత అట్ట మీది తేదీని బట్టి ఆ మొక్క అప్పట్లో ఏ వారంలో పూసేదో ఇప్పటితో పోల్చుకోవచ్చు. కాబట్టి కోసిన చోటూ, తేదీ, పూల రంగూ అప్పటికప్పుడే రాసుకోమనండి. రంగు సంగతి ముఖ్యం, ఎండాక చాలా పూలు గోధుమరంగుకి తిరుగుతాయి.